ఎవరి వంశమో సరే, ఆ కాగితం ఎవరు రాశారో కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా ప్రముఖుల పూర్వీకుల గురించి వేసిన రెండు పేజీలు చదివాను. ఫోటోలు బాగున్నాయ్, చదివించేలా కూడా రాశారు, కాదనను. కానీ ఫలానా ప్రెసిడెంట్ ఇంగ్లండ్ రాజుగారికి ఇన్నో తరం మనవడు, ఫలానా హీరోయిన్ వాళ్ళ పెద్దలు మేఫ్లవర్ ఓడలో దిగారు అంటూ పేజీలు నింపేశారు తప్ప ఆ సంగతి ఎవరికి ఎలా తెలిసింది, ఏ కాగితంలో ఉంది, ఆ కాగితం ఎవరు ఎందుకు రాశారు అన్నది ఒక్క ముక్క లేదు. పైగా చివర్లో అమెరికాలో ప్రతి మనిషికీ రికార్డు ఉంటుంది, కంప్యూటర్లో పేరు కొడితే పది తరాలు బయటికొచ్చేస్తాయి అని తేల్చేశారు. అదే నాకు మింగుడుపడలేదు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, కుదిరినంత వేసుకోండి.

మేఫ్లవర్ సంగతి ముందు చెప్పేస్తా. 1620లో ఇంగ్లండ్ నుంచి ఆ ఓడలో అమెరికా వచ్చింది 102 మంది, వాళ్ళలో దాదాపు సగం మంది మొదటి చలికాలం దాటకుండానే పోయారు. మిగిలినవాళ్ళ సంతానం నాలుగొందల ఏళ్ళుగా పెరుగుతూనే ఉంది కదా, కాబట్టి ఇవాళ అక్కడ ఎవరైనా ఆ ఓడ వారసులని తేలడం అంత వింతేం కాదు. ఆ వారసుల సంఘం ఒకటి 1897 నుంచీ ఉంది, అందులో చేరాలంటే తరం తరానికీ పుట్టుక, పెళ్ళి, చావు కాగితాలు చూపించాలి, నోటిమాట చెల్లదు. ఆ సంఘం అడిగే పాటి రుజువు కూడా పేపర్లు అడక్కపోతే ఎలా.

అసలు కథ వేరే చోట ఉందండి. 1850 అనే ఒక్క సంవత్సరం తీసుకోండి చాలు. ఆ మార్చి నెలలో ఫాల్‌మత్ కియర్నీ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు న్యూయార్క్‌లో ఓడ దిగాడు. ఐర్లండ్‌లో మనీగాల్ అనే చిన్న ఊరు వాడిది, వాళ్ళ నాన్న చెప్పులు కుట్టేవాడు, అప్పుడక్కడ బంగాళాదుంప పంట తెగులొచ్చి పోయి కరువు పట్టి జనం మూటాముల్లె సర్దుకుని ఓడలెక్కేస్తున్న రోజులు. ఆ కుర్రాడు బరాక్ ఒబామాకి తల్లి వైపు అయిదు తరాల కిందటి తాత. 2007లో ఆ ఊరి వైపు చర్చి ఫాదర్ పాత రిజిస్టర్లు తిరగేస్తే ఆ కుటుంబం పేర్లు దొరికాయ్, 2011 మే నెలలో ఒబామా స్వయంగా ఆ ఊరెళ్ళి పబ్‌లో బీరు తాగి బంధువుల్ని పలకరించి వచ్చాడు. ఇక్కడిదాకా మీ పేజీలో కూడా వచ్చింది.

రానిది ఏంటంటే, అదే 1850లో సౌత్ కరోలినాలో డేవిడ్ ప్యాటర్సన్ అనే పెద్దాయన ఒకాయన వీలునామా రాశాడు. రాట్నాలు, కొడవళ్ళు, టేబుల్ గుడ్డలు, పశువులు ఎవరికి ఏది పోవాలో రాసుకుంటూ అదే వరసలో మెల్వీనియా అనే నీగ్రో పిల్ల అని కూడా రాశాడు. ఆ పిల్లకి అప్పుడు ఆరేళ్ళు. కొన్నాళ్ళకి ఆస్తి లెక్క కట్టినప్పుడు ఆ పిల్ల ఖరీదు 475 డాలర్లు అని వేశారు. ఆ పిల్ల మిషెల్ ఒబామాకి అయిదు తరాల కిందటి అవ్వ. 2009లో ఒక వంశ పరిశోధకురాలు, న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు కలిసి ఈ కూపీ లాగేదాకా మిషెల్ వాళ్ళ ఇంట్లోనే ఈ కథ ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆ పిల్లని జార్జియాకి పంపించేశారు, అక్కడే పెరిగింది, పిల్లల్ని కన్నది, వాళ్ళలో ఒకడు డాల్ఫస్ షీల్డ్స్ తర్వాత అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో వడ్రంగిగా పేరు తెచ్చుకున్నాడు. 1938లో మెల్వీనియా చనిపోయింది. డెత్ సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల పేర్లు రాయాల్సిన చోట "తెలీదు" అని ఉంది. అంతే, అక్కడితో ఆగిపోయింది.

భార్యాభర్తలిద్దరూ ఒకే వైట్‌హౌస్‌లో కాపురం చేశారు, ఇద్దరి పూర్వీకులూ పేదవాళ్ళే, ఒకరేమో చర్చి రిజిస్టర్లోనూ ఓడ లిస్టులోనూ మనిషిగా కనపడతారు, ఇంకొకరు కొడవలికీ టేబుల్ గుడ్డకీ మధ్యలో ధరతో సహా కనపడతారు. ప్రతి మనిషికీ రికార్డు ఉంటుంది అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే ఈ తేడా ఎటు పోయినట్టు?

సెన్సస్ సంగతి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఎవరి వంశం వెతికినా మొదట వెళ్ళేది దాని దగ్గరికే. 1790 నుంచి పదేళ్ళకోసారి జనాభా లెక్కలు తీస్తున్నారు, రాజ్యాంగంలోనే ఉంది ఆ రూలు. అది తాతముత్తాతల్ని గుర్తు పెట్టుకోడానికి పెట్టింది కాదు, అక్కడి పార్లమెంటులో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లు అని పంచుకోడానికి పెట్టింది. అందుకే 1840 దాకా ఇంటి యజమాని పేరు ఒక్కటే రాసేవాళ్ళు, మిగిలిన అందరూ ఫలానా వయసు మగవాళ్ళు ఇంతమంది ఆడవాళ్ళు ఇంతమంది అని గళ్ళలో అంకెలు మాత్రమే, పెళ్ళాం పేరు కూడా ఉండదు. బానిసల్నైతే సీట్ల లెక్కలో అయిదుగురిని ముగ్గురి కింద వేసుకునేవాళ్ళు, ఓటు మాత్రం లేదు, అంటే వాళ్ళని పెట్టుకున్న యజమానులకి బలం పెరిగింది అన్నమాట. 1850లో మొదటిసారి ఇంట్లో ఉన్న అందరి పేర్లూ రాయడం మొదలెట్టారు, కానీ స్వేచ్ఛగా ఉన్నవాళ్ళవి మాత్రమే. బానిసలకి వేరే షెడ్యూల్, పైన యజమాని పేరు, కింద ఒక్కో లైనుకి వయసు, ఆడా మగా, ఒంటి రంగు, అంతే, పేరు రాసుకోడానికి గడే లేదు. అలా ఆ ఏడాది సుమారు 32 లక్షల మందిని ఊరూ పేరూ లేకుండా లెక్కేశారు. అంతర్యుద్ధం అయ్యి బానిసత్వం పోయాక 1870లో కానీ అందరి పేర్లూ సెన్సస్‌లోకి ఎక్కలేదు. నల్లజాతి కుటుంబాల వాళ్ళు తమ చరిత్ర వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే చాలామందికి అక్కడ అడ్డం పడుతుంది, 1870 గోడ అంటారు దాన్ని.

గోడ దాటాలంటే ఇంకో రకం కాగితాలు కావాలి. అందులో నాకు భలే అనిపించేది ఫ్రీడ్‌మన్స్ బ్యాంక్ రిజిస్టర్లు. విడుదలైన బానిసల కోసం, నల్ల సైనికుల కోసం 1865లో పెట్టిన బ్యాంక్ అది. అకౌంట్ తెరవడానికి వచ్చినవాళ్ళలో చాలామందికి సంతకం రాదు కదా, మరి రేపు డబ్బు తీసుకోడానికి వచ్చింది ఆ మనిషేనా అని గుర్తు పట్టేదెట్లా, అందుకని క్లర్కు ఎక్కడ పుట్టావ్, ఎక్కడ పెరిగావ్, అమ్మ ఎవరు నాన్న ఎవరు, అన్నదమ్ములెవరు, పాత యజమాని ఎవరు, వాళ్ళలో ఎవరిని ఎక్కడ అమ్మేశారు అని అన్నీ అడిగి రాసుకునేవాడు. బ్యాంక్ వాడి జాగ్రత్త కోసం రాసిన ముక్కలు, ఇవాళ మునిమనవళ్ళకి అవే ఆధారం. బ్యాంక్ మాత్రం 1874లో మునిగిపోయింది, పాపం ఆ కష్టజీవుల డబ్బు చాలావరకు పోయింది.

ఆ బ్యాంక్‌కి చివరి ప్రెసిడెంట్ ఎవరో తెలుసా, ఫ్రెడరిక్ డగ్లస్. మేరీల్యాండ్‌లో బానిసగా పుట్టి 1838లో పారిపోయి బానిసత్వం మీద దేశమంతా మోగిపోయేలా ఉపన్యాసాలిచ్చిన మనిషి. ఆయనకి తన పుట్టినరోజు తెలీదు. తెల్ల పిల్లలకి వాళ్ళ వయసు తెలుసు, నాకెందుకు తెలీకూడదు అని చిన్నప్పట్నుంచీ కుమిలిపోయాడు. లెక్కలేసుకుని 1817 అనుకుంటూ బతికాడు. 1877లో ముసలివాడై మంచాన పడ్డ పాత యజమాని థామస్ ఆల్డ్‌ని చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా అడిగిన వాటిల్లో ఇదొకటి, నేను ఎప్పుడు పుట్టాను అని, ఆయనేమో రోజు చెప్పలేను కానీ 1818 ఫిబ్రవరి అనుకుంటా అన్నాడు. దేశం మొత్తానికి తెలిసిన ఒక పెద్దమనిషి అరవై ఏళ్ళ వయసులో, తనని ఆస్తిగా పెట్టుకున్నవాడి మంచం పక్కన కూర్చుని నా వయసెంతండీ అని అడగాల్సి రావడం, ఇంతకన్నా ఏం చెప్పాలి చరిత్ర గురించి. డగ్లస్ 1895లో పోయాడు. ఆయన మొదటి యజమాని ఏరన్ ఆంథనీ లెడ్జర్ ఉంది, బానిస తల్లులకి పుట్టిన పిల్లల పేర్లు రాసుకున్న పుస్తకం, అందులో ఫ్రెడరిక్ అగస్టస్, హ్యారియెట్ కొడుకు, ఫిబ్రవరి 1818 అని ఉంది. ఈ సంగతి 1980లో వచ్చిన ఒక జీవిత చరిత్రతో లోకానికి తెలిసింది. తేదీ లేదు, నెలా ఏడాదీ చాలనుకున్నాడు ఆంథనీ. పెరిగే ఆస్తిని లెక్క పెట్టుకోడానికి రాశాడు కాబట్టే ఆ ఒక్క లైనైనా మిగిలింది.

ఇక ప్రెసిడెంట్ థామస్ జెఫర్సన్ గురించి మీవాళ్ళు రాసింది మరీ తూతూమంత్రంగా ఉంది. డీఎన్‌ఏ టెస్ట్ చేశారు, ఆయన ఇంట్లో బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్ పిల్లలు ఆయన పిల్లలే అని తేలింది అన్నారు. 1998లో వచ్చిన ఆ టెస్ట్ చెప్పింది అంత సూటిగా కాదు, జెఫర్సన్ మగ వంశం తాలూకు డీఎన్‌ఏ శాలీ కొడుకు ఎస్టన్ హెమింగ్స్ వారసుడిలో ఉంది అని, అంతవరకే. అది జెఫర్సనే అనడానికి మిగతా కాగితాలు కలిపి చదవాలి, ఆయన స్వయంగా తన ఫామ్ బుక్‌లో రాసుకున్న హెమింగ్స్ పిల్లల పుట్టిన తేదీలు, ఆ తేదీలకి తొమ్మిది నెలల ముందు ఆయన తన ఎస్టేట్ మాంటిసెల్లోలో ఉన్నాడా లేడా అన్న లెక్క, 1873లో ఎస్టన్ అన్నయ్య మ్యాడిసన్ హెమింగ్స్ ఒహైయోలో ఒక పత్రికకి చెప్పిన సొంత కథ. అన్నిటికన్నా నాకిష్టమైంది 1870 సెన్సస్ పేజీ. ఒహైయోలో రాస్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) మ్యాడిసన్ ఇంటికి లెక్కలు రాసుకోడానికి వచ్చినాయన ఆయన పేరు పక్కన ఎవరూ అడక్కపోయినా "ఈ మనిషి థామస్ జెఫర్సన్ కొడుకు" అని రాసి పెట్టాడు. ఫారంలో దానికి గడి లేదు, రూల్ లేదు, ఆయనకనిపించింది రాసేశాడు. పెద్ద పెద్ద చరిత్రకారులు ఆ తర్వాత వందేళ్ళు కొట్టిపారేసిన సంగతిని గుమ్మం ముందు నిలబడి రాసిన మనిషి అతను. తమ్ముడు ఎస్టన్ మాత్రం విస్కాన్సిన్ వెళ్ళిపోయి ఇంటిపేరు జెఫర్సన్ అని పెట్టుకుని తెల్లవాళ్ళలో కలిసిపోయాడు, కాబట్టి ఒక కడుపున పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు రికార్డుల్లో రెండు జాతులు.

అయితే సెన్సస్‌లో ఉంది కదా అని కళ్ళు మూసుకుని నమ్మకూడదు కూడా. లింకన్ గారి ఇల్లే చూడండి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1850లో వాళ్ళావిడ మేరీ వయసు 28 అని రాశారు, 1860లో 35 అని రాశారు. పదేళ్ళలో ఆవిడకి పెరిగింది ఏడేళ్ళే! అసలు లెక్క ప్రకారం 1860 నాటికి 41 ఉండాలి. తలుపు తీసింది ఎవరో, చెప్పింది ఎవరో, ఆ ఫారంలో ఉండదు. అదే ఫారంలో లింకన్ లాయర్ అని, స్థిరాస్తి 5000 డాలర్లు, మిగతా ఆస్తి 12000 డాలర్లు అని కూడా ఉంది, గుడిసెలో పుట్టిన మాట నిజమే కానీ ప్రెసిడెంట్ అయ్యేనాటికి బాగానే నిలదొక్కుకున్నాడు. ఆయన తల్లిదండ్రుల పెళ్ళి మీద కూడా చాలా పుకార్లు నడిచాయ్, 1806 జూన్ 12న పెళ్ళైనట్టు కెంటకీలో వాషింగ్టన్ కౌంటీ కోర్టులో ఉన్న కాగితం ఆయన పోయాక గానీ బయటికి రాలేదు. కౌంటీ మారితే చాలు, మనిషి దొరకడు. ఆయన పుట్టిన చోటే అప్పుడు హార్డిన్ కౌంటీ, ఇప్పుడు లరూ కౌంటీ.

జార్జ్ వాషింగ్టన్‌ది ఇంకో తమాషా. ఇంట్లో బైబిల్లో 1731/2 ఫిబ్రవరి 11 ఉదయం పదింటికి పుట్టాడని రాసి ఉంటుంది, దేశమేమో 1732 ఫిబ్రవరి 22 అంటుంది. రెండూ కరెక్టే. 1752లో బ్రిటన్ వాళ్ళు పాత క్యాలెండర్ వదిలేసి కొత్తది పెట్టి పదకొండు రోజులు ఎగరగొట్టారు, అంతకుముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఇది తెలీక నెట్‌లో ఒకే మనిషిని ఇద్దర్ని చేసి పెట్టిన వంశవృక్షాలు కొల్లలు, ఒకరు తప్పు ఎక్కిస్తే నూరుమంది కాపీ కొట్టడమే.

కాలిపోయినవి వేరే. 1890 సెన్సస్ దాదాపు మొత్తం 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంతో పోయింది, తడిసీ కాలీ మిగిలినవి కూడా తర్వాత పారేశారు. 1973లో సెయింట్ లూయిస్‌లో ఇంకో ప్రమాదం, కోటీ అరవై లక్షలకి పైగా సైనికుల ఫైళ్ళు బుగ్గి. ఇవి ఒక రకం నష్టం. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం అప్పుడు మంటల్లో జనన రికార్డులు తగలబడ్డాయే, అది మాత్రం కొందరికి కలిసొచ్చింది. చైనా కూలీల్ని రానివ్వకుండా 1882లో చట్టం పెట్టారు కదా, పౌరుడి పిల్లలైతే రావొచ్చు. రికార్డులు కాలిపోయాక నేనిక్కడే పుట్టాను, పౌరుణ్ణే అని చాలామంది చెప్పుకున్నారు, కాదనడానికి కాగితం లేదు, వాళ్ళకి చైనాలో కొడుకులున్నారని చెప్పి ఆ పేర్ల మీద ఇంకెవరో పిల్లలు వచ్చారు, కాగితం కొడుకులు అనేవాళ్ళు. 1910లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర వలస వచ్చేవాళ్ళని ఆపి విచారించే ఏంజెల్ ఐలండ్ కేంద్రం తెరిచాక ఆఫీసర్లు అక్కడ కూర్చోబెట్టి మీ ఇంటికి మెట్లెన్ని, బావి ఎటువైపు, పక్కింట్లో ఎవరుంటారు అని గంటల తరబడి అడిగేవాళ్ళు, వీళ్ళు ఓడలోనే బట్టీపట్టి వచ్చేవాళ్ళు. ఆ ప్రశ్నలూ జవాబులూ టైపు చేసిన ఫైళ్ళు ఇప్పటికీ ఉన్నాయ్. వంశం వెతుక్కునే మనవడికి వాటిల్లో దొరికేది వాళ్ళ తాత అల్లిన కుటుంబం, అసలు కుటుంబం కాదు!

మీ పేజీలో ఒక బాక్స్ ఐటమ్ ఉంది, న్యూయార్క్‌లో వలస వచ్చేవాళ్ళని పరీక్షించి లోపలికి పంపే ఎల్లిస్ ఐలండ్ కేంద్రంలో ఆఫీసర్లు నోరు తిరక్క జనాల ఇంటిపేర్లు మార్చేసేవాళ్ళు అని. అది అక్కడా అందరూ చెప్పుకునేదే కానీ నిజం కాదు. ఆఫీసర్ చేతిలో ఉండేది ఓడ వాళ్ళు బయల్దేరిన రేవులో రాసుకొచ్చిన లిస్టు, ఆయన దాంట్లో ఉన్న పేరుకి టిక్కు పెట్టడమే, పేర్లు మార్చుకుంది చాలావరకు ఆ తర్వాత వాళ్ళకి వాళ్ళే. ఆ ఎల్లిస్ ఐలండ్ మొదటి మనిషి కథే చూడండి. 1892 జనవరి 1న కేంద్రం తెరిచినప్పుడు మొదట అడుగుపెట్టింది ఐర్లండ్ అమ్మాయి యానీ మూర్, ఇద్దరు తమ్ముళ్ళతో వచ్చింది, పది డాలర్ల బంగారు నాణెం బహుమానంగా ఇచ్చారు. ఆమె తర్వాత టెక్సాస్ వెళ్ళి స్థిరపడిందని ఏళ్ళ తరబడి అందరూ నమ్మారు, ఆ కుటుంబాన్ని సభలకి పిలిచి సత్కారాలు చేశారు. 2006లో ఒక పరిశోధకురాలు తిరగేస్తే తేలిందేంటంటే టెక్సాస్ యానీ మూర్ పుట్టిందే ఇల్లినాయ్‌లో, అసలామె వలస వచ్చిన మనిషే కాదు. సెన్సస్‌లో రాసే ఉంది, ఎవరూ చూడలేదు. అసలు యానీ న్యూయార్క్ వదిలి ఎక్కడికీ పోలేదు, ఓడ దిగిన చోటికి కాస్త దూరంలో ఇరుకిరుకు ఇళ్ళలో కాపురం చేసింది, బేకరీలో పనిచేసే మనిషిని చేసుకుంది, చాలామంది పిల్లల్ని కన్నది, సగం మంది చిన్నప్పుడే పోయారు, 1924లో తనూ పోయింది. సమాధి మీద రాయి కూడా లేదు, 2008లో పెట్టారు. టెక్సాస్ కథ గెలవడానికి కారణం అది వినడానికి బాగుండటమే, పశ్చిమానికి వెళ్ళి బాగుపడ్డ ఐరిష్ పిల్ల అంటే ఎవరికి నచ్చదు.

మన దేశం వాళ్ళ ముక్క ఒకటి మీరు వదిలేశారు కాబట్టి చెప్తున్నా. 1920, 1930, 1940 సెన్సస్‌లలో జాతి అనే గడిలో "హిందూ" అని ఒక కోడ్ ఉండేది. కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసిన పంజాబీలు ఎక్కువమంది సిక్కులు, కొందరు ముస్లింలు, అందరూ ఆ గడిలో హిందువులే. భార్యల్ని తెచ్చుకోనివ్వలేదు చట్టం, చాలామంది ఇంపీరియల్ వ్యాలీలో మెక్సికన్ అమ్మాయిల్ని పెళ్ళి చేసుకున్నారు, ఆ పెళ్ళి రిజిస్టర్లు ఇవాళ బంగారు గనులు. భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ అమెరికా సైన్యంలో పనిచేసి పౌరసత్వం తీసుకుంటే 1923లో సుప్రీంకోర్టు నువ్వు తెల్లవాడివి కాదు, నీకు పౌరసత్వం లేదు పో అంది, ఆయన పట్టు వదలకుండా 1936లో మళ్ళీ సాధించుకున్నాడు. దలీప్‌సింగ్ సౌంద్ అనే ఇంకో పంజాబీకి 1949లో పౌరసత్వం వస్తే 1956లో కాంగ్రెస్‌కే, అంటే అక్కడి పార్లమెంటుకే ఎన్నికయ్యాడు. మీకు ప్రముఖులే కావాలంటే వీళ్ళున్నారు, పౌరసత్వ కాగితాలూ కోర్టు ఫైళ్ళూ అన్నీ ఉన్నాయ్, ఇంగ్లండ్ రాజులదాకా పోనక్కర్లేదు.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. ఈసారి ఫలానావారి పూర్వీకులు ఫలానా అని వేసేటప్పుడు కింద ఒక్క లైను, ఇది సెన్సస్ నుంచా వీలునామా నుంచా చర్చి రిజిస్టర్ నుంచా లేక ఎవరో నెట్‌లో పెట్టిన చెట్టు నుంచా అని రాయించండి. పేరు రాసే ఆర్టికల్ కంటే అది ఎక్కువ చోటు తినదు. ఎక్కువ ఖర్చు కూడా లేదు, ఫ్యామిలీసెర్చ్ అనే సైట్‌లో ఈ రికార్డులు చాలావరకు ఫ్రీగా చూడొచ్చు, సాల్ట్‌లేక్ సిటీలోని మోర్మన్ చర్చి వాళ్ళు నడుపుతారు, కొండని తొలిచి కట్టిన గదుల్లో దాచిన 24 లక్షల మైక్రోఫిల్మ్ రీళ్ళని స్కాన్ చేసి పెట్టారు. సెన్సస్ పేజీలు 72 ఏళ్ళ తర్వాతే జనానికి ఇస్తారు, 1950వి 2022 ఏప్రిల్ 1న వచ్చేశాయ్, 1960వి 2032లో వస్తాయి, మీ రిపోర్టర్లకి ప్రాక్టీస్ చేసుకోడానికి బోలెడు టైముంది. ఎల్లిస్ ఐలండ్ పేర్ల మార్పిడి బాక్స్‌కి మాత్రం సవరణ వచ్చే ఆదివారమే వేస్తారని ఆశిస్తున్నా.

ఇట్లు,
మీ పాత పాఠకుడు